ఏడు దాటినంక

విఠల్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పబోయేదంతా విన్నాక మీకు ఆ మాట అనబుద్ధి కాదు. నాకే కొన్నాళ్లుగా నోరు రావడం లేదు. అలాగని అతణ్ణి తిట్టిపోసి చేతులు దులుపుకుందామన్నా కుదరదు. ఇందులో నా తప్పూ ఉంది. అదెక్కడ ఉందో చెబుతాను, దాచను.

నా పేరు నిస్సార్ అహ్మద్. మాది కావలి. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఇరవై రెండేళ్లు ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మా పెరటికీ విఠల్ వాళ్ల పెరటికీ మధ్య నడుమెత్తు చెక్క కంచె ఉంది. వాళ్లది హనుమకొండ. ఈ కొండ మీది ఊళ్లో తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని పక్కింట్లో తెలుగు వినబడడమే మాకు పెద్ద సంబరం. ఆ ఇంట్లో తెలుగంటే విఠల్ భార్య శ్యామసుందరే. విఠల్ మాట్లాడేది తక్కువ. ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. కరివేపాకు ఇవ్వడానికని కంచె దగ్గరికి వచ్చిందంటే మా ఆవిడ షెహజాది పొయ్యి కట్టేసి వెళ్లాల్సిందే. అరగంటకు తక్కువ కాకుండా సాగేవి కబుర్లు.

విఠల్ ఒక బీమా కంపెనీ కంప్యూటర్ గదిలో ఆపరేటర్. బీరువాలంత మెషీన్లు, వాటిని చల్లగా ఉంచే ఏసీల హోరు, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ప్రింటర్ల మోత. హైదరాబాదులో మొదలుపెట్టిన ఆ పని ఇక్కడా అలాగే సాగింది. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. డ్యూటీ లేని రోజు నడుముకు పేజర్. స్నానానికి వెళితే సబ్బు పక్కన పేజర్, పడుకుంటే దిండు కింద పేజర్. అది మోగితే ఎక్కడో ఏదో ఆగిపోయినట్టు, మోగలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ముప్పై ఏళ్లు ఇదే లెక్కన బతికాడు. ఆఖరికి రాత్రింబవళ్లు చెవుల్లో సన్నటి రొద మొదలైంది. డాక్టర్ అది తగ్గేది కాదన్నాడు.

అతను పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరి పడుకునేవాడు. శ్యామసుందరి మధ్యాహ్నం దాకా మునివేళ్ల మీద నడిచేది. గిన్నె చప్పుడైతే నాలుక కరుచుకునేది. అంత మాటకారి మనిషి ఇక్కడికొచ్చాక పదిహేడేళ్లు అలా గడిపింది. "రిటైరైనంక సూడు వదినా, పొద్దుగాల్నే ఇద్దరం చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టుకుంటం. నా దగ్గర ముప్పై ఏండ్ల ముచ్చట్లున్నయ్" అని షెహజాదితో అనేది. ఆమె కోరిక అంతే. నగలడగలేదు, దేశాలు తిప్పమనలేదు.

ఆఖరి రెండేళ్లూ వైటూకే గోల. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన ప్రోగ్రాములన్నీ వెతికి నాలుగంకెలకు మార్చాలి, లేకపోతే రెండు వేలు రాగానే మెషీన్లు తికమకపడి ఆగిపోతాయని భయం. విఠల్ అప్పటికి రిటైర్ కావాలనుకున్నవాడు, కంపెనీ బతిమాలితే ఉండిపోయాడు. తొంభైతొమ్మిది డిసెంబర్ ముప్పైఒకటిన లోకమంతా టపాసులు కాలుస్తుంటే అతను ఆ గదిలోనే ఉన్నాడు. ఏమీ కాలేదు. తర్వాతి వారం ఒక బార్బెక్యూ విందులో, యూనివర్సిటీలో ఐటీ పనిచేసే భానుప్రసాద్ సాసేజ్ తిప్పుతూ, "అంకుల్, అంతా హైపే కదా! చివరికి నథింగ్ హ్యాపెన్డ్" అని నవ్వాడు. విఠల్ మొహం మాడిపోయింది. "ఏం కాలేదంటే ఏం చెయ్యలేదని కాదు బాబూ. ఏం కాకుంట చూసుడే మా పని" అన్నాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడగా నేను వినడం అరుదు.

రెండు వేల సంవత్సరం మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. పేజర్ తిరిగిచ్చేసి వచ్చిన మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, శాలువా కప్పుకొని ముందు వరండాలో పేము కుర్చీ వేసుకొని ఏడు దాకా కూర్చున్నాడు. వాళ్లింటి ముందు రోడ్డు దాటితే కొండ అంచు. కింద లోయంతా మంచు. అందులోంచి నెమ్మదిగా చెట్ల తలలు తేలతాయి, ఆ తర్వాత వెలుగు వస్తుంది. మాగ్‌పై పిట్టలు పాడతాయి. కూకబుర్రాలు ఎవరో జోక్ చెప్పినట్టు పగలబడి నవ్వుతాయి. "భాయ్, పక్షులు గంత మోత చేస్తయి గని నా చెవులకు మంచిగనిపిస్తది. అవి నన్ను పిలుస్తలేవు గద" అన్నాడు నాతో. ఆ మాటన్నప్పుడు అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగా సంతోషించాను. తెల్లవారుజాము ఫజర్ నమాజయ్యాక నేనూ పెరట్లో అలా నిలబడేవాణ్ణే. ఆ నిశ్శబ్దం రుచి నాకూ తెలుసు. "అదృష్టవంతుడివయ్యా విఠలూ, ఆ రెండు గంటలూ ఎవరికీ ఇవ్వమాక" అన్నాను. అక్షరాలా ఇదే మాట. సలహా ఇచ్చింది నేనే.

రెండో వారంలో నియమం వచ్చింది. శ్యామసుందరి చాయ్ తెచ్చి పక్కన కూర్చుని కూతురు నీలిమ సంగతి ఎత్తుకుందట. నీలిమ కాన్‌బెర్రాలో ఐటీ కాంట్రాక్టర్. ఆ రోజుల్లో వాళ్లకు పని వెతుక్కోవాల్సిన అవసరమే ఉండేది కాదు, పనే వాళ్లను వెతుక్కుంటూ వచ్చేది. విఠల్ చెయ్యెత్తి ఆపాడట. "సుందరీ, ఒక్కటే అడుగుత. ఏడు దాకా ఏం మాట్లాడకు. ముప్పై ఏండ్ల సంది చెవులల్ల మోత. ఏడు దాటినంక ఎంతనన్న చెప్పు, వింట."

ఆమె దాన్ని తమాషాగానే తీసుకుంది. "మీ దోస్తుకు మౌనవ్రతం వట్టిందన్నా" అని కంచె దగ్గర నవ్వింది. కానీ నియమం రోజురోజుకూ బిగిసింది. ఈల వేసే కెటిల్ పోయి వెయ్యనిది వచ్చింది. ఫోన్ రిసీవర్ ఏడు దాకా పక్కన పెట్టేసేవారు. గాజుల చప్పుడు కూడా వినబడుతోందని ఒకరోజు అన్నాడట. ముత్తైదువ, గాజులు తీసేయడం ఆమెకు ఇష్టం లేదు. మోచేతి దాకా పైకి తోసి బిగించుకునేది. పది గంటలకు కూడా ఆ చేతి మీద గుర్తులు కనబడేవి. చాయ్ అతని పక్కన పెట్టి, వెనక వంటింట్లోకి వచ్చి ఒక్కతే కూర్చునేది. మధ్యలో రెండు గదులు.

కడుపులో మాట నిలవని మనిషి. ఏం చేస్తుంది? కాగితం మీద పెట్టింది. ఆఫీసులో వాడగా మిగిలిన ప్రింటర్ కాగితాలు విఠల్ పెట్టెలకొద్దీ తెచ్చేవాడు. పచ్చచారలు, రెండంచులా చిల్లులు, ఒకదానికొకటి అంటుకుని మడతలు మడతలుగా వచ్చేవి. దాని మీద పైన తేదీ, కింద 'ఏడు దాటినంక' అని రాసి, చెప్పాలనుకున్నవన్నీ నెంబర్లు వేసి రాసుకునేది. నీలిమ కొత్త ఇల్లు చూస్తున్నది. పాలకూర మొలిచింది. రాత్రి కలల అమ్మ వచ్చింది, తన పెండ్లి చీర కట్టుకున్నది. ఏడు కాగానే విఠల్ లోపలికి వచ్చి పేపర్ విప్పుకుని "ఆ, చెప్పు సుందరీ" అనేవాడు. ఆమె చదివేది. అతను ఊ కొట్టేవాడు. ఏడుంబావుకల్లా అయిపోయేది.

షెహజాదికి ఒళ్లు మండింది. "అది సంసారమా, ఆఫీసా? మీరైనా చెప్పొచ్చుగా" అంది. "ఎవరి పద్ధతి వాళ్లది, మనకెందుకు" అన్నాను. పెద్దమనిషి తరహా మాట. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జూలైలో ఒకసారి శ్యామసుందరి కంచె మీద చెయ్యి ఆనించి, "అన్నా, మందుల మనిషివి గద. పొద్దుగాల లేస్తే తల దిమ్ముగ ఉంటున్నది" అంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అంటే ఒక్కోరోజు మరిచిపోతానంది.

"మరిచిపోయేదేంది చెల్లెమ్మా! రేపే డాక్టర్ దగ్గరికి పోవాల. విఠల్‌కు చెప్పినావా?"

"రాసుకున్న. ఏడయినంక చెప్త."

చెప్పిందట. నాలుగో నెంబరు. అతను ఊ అన్నాడట, పోదామన్నాడట. వారం తిరిగింది. ఆమె మళ్లీ రాయలేదు, అతను మళ్లీ అడగలేదు. మోగలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే.

ఆగస్టు మూడో వారం, బుధవారం. పడమటి గాలి ఎముకలు కొరుకుతోంది. ఆరింటికి, అప్పుడే వెలుగొస్తుండగా, పెరట్లోకి వెళ్లాను. శ్యామసుందరి వాళ్ల వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. శాలువా లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. ఎడమ చెయ్యి.

అది నేను గమనించాను. గమనించలేదని అబద్ధమాడితే నాకు హాయిగా ఉండేది. ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు కూడా అందించని మనిషి. కరివేపాకు ఇవ్వాలన్నా చేతిలోని బుట్ట కింద పెట్టి, కుడిచెయ్యి కొంగుకు తుడుచుకుని మరీ ఇచ్చేది. ఇన్నేళ్లలో ఎడమచెయ్యి నా వైపు ఎత్తడం అదే మొదలు. కుడిచేతికి పిండి అంటుకుందేమో అనుకున్నాను. 'చెల్లెమ్మా, చలిలో ఏందమ్మా' అనే మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. నేనూ చెయ్యెత్తి ఊపాను. ఆమె చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. నేను లోపలికి వచ్చేశాను.

"చెల్లెమ్మ చలిలో కూర్చోనుంది" అన్నాను షెహజాదితో.

"పలకరించలేదా?"

"ఇంకా ఏడు కాలేదుగా."

ఇరవై రెండేళ్లు మందులిచ్చాను. ఒక పక్క చెయ్యి లేవకపోతే ఏమిటో షాపుకొచ్చిన ముసలివాళ్లకు నేనే చెప్పేవాణ్ణి, గోడకు బొమ్మ అంటించి మరీ.

తర్వాత జరిగింది విఠల్ చెప్పాడు. ఏడింటికి ఖాళీ కప్పుతో లోపలికి వచ్చాడు. ఆమె ఎలా చేరిందో వంటింటి బల్ల దగ్గరికి చేరింది. ముందర కాగితం ఉంది. అతను కూర్చుని పేపర్ విప్పి, "ఆ, చెప్పు సుందరీ" అన్నాడు. జవాబు లేదు. పేపర్ దించి చూశాడు. ఆమె నోరు తెరిచింది. ఏదో శబ్దం వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. పెదవి ఒక పక్కకు జారింది, చొంగ కారింది. ఫోన్ అందుకుంటే లైన్ లేదు, రిసీవర్ అప్పటిదాకా పక్కన పడి ఉంది. దాన్ని పెట్టి మళ్లీ ఎత్తి అంబులెన్స్‌కు చేయాలన్న తెలివి కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తి "నిస్సార్ భాయ్! నిస్సార్ భాయ్!" అని కేకలు పెట్టాడు. అంబులెన్స్ నేను పిలిచాను.

పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. వినడం, అర్థం చేసుకోవడం మిగిలాయి. కాన్‌బెర్రా నుంచి నీలిమ వచ్చింది. "డాడ్, వాట్ టైమ్ డిడ్ ఇట్ స్టార్ట్? డాక్టర్ అడుగుతున్నారు" అంటే విఠల్ ఏడింటికి అన్నాడు. అతనికి నిజంగా అంతే తెలుసు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "కాదు, నేను ఆరింటికి చూశాను, అప్పటికే మొదలైనట్టుంది" అని డాక్టర్ చెవిలో చెప్పాను. విఠల్ వైపు చూడలేకపోయాను. ముందే తెచ్చి ఉంటే బాగుపడేదా అని అడిగాను. కొంత మేలు జరిగేదేమో, జరిగేది కాదేమో, చెప్పలేమన్నాడు ఆ డాక్టర్. గట్టిగా ఏదో ఒకటి చెప్పినా బాగుండేది.

ఆమె వార్డులో ఉండగానే సిడ్నీలో ఒలింపిక్స్ వచ్చాయి. టీవీలో ఎవరు గెలిచినా వార్డంతా చప్పట్లు. ఆమె కళ్లు టీవీ వైపు ఉండేవి, చూసేది కాదు. విఠల్ ఆమె కుడిచెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. నర్సులు గాజులన్నీ తీసి కవర్లో వేసిచ్చారు. ఆ కవరు అతని చొక్కా జేబులోనే ఉండేది.

ఆమెను ఆస్పత్రిలో చేర్చిన పదిరోజులకు ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. చేతిలో పచ్చచారల కాగితం. వంటింటి బల్ల మీద పళ్లెం కింద దొరికిందట. నాకు ఇచ్చి చదవమన్నాడు. పైన తేదీ, కింద మామూలుగానే 'ఏడు దాటినంక'. మొదటిది: నీలిమకు ఫోన్ చెయ్యాలె. రెండు: చారుపొడి అయిపోయింది. ఆ రెండూ ఆమె ముత్యాల్లాంటి అక్షరాలు. మూడోది చారలు దాటి కిందికి పడిపోయింది. కుడిచెయ్యి తిమ్మిరి. ఐదుంబావు. నాలుగు: కాలు గూడ. భయమైతున్నది. ఆ తర్వాత ఐదు అంకె ఉంది. దాని పక్కన ఒక గీత, కాగితం అంచు దాకా.

"టైమ్ గూడ రాసింది భాయ్" అన్నాడు విఠల్. "ఐదుంబావుకు నేను వరండల ఉన్న. మంచు చూస్తున్న. గంత మంచిగనిపించింది ఆ పొద్దు. ఎందుకు పిలువలే? ఒక్క కేక వేస్తే అయిపోతుండె గద."

ఎందుకు పిలవలేదో అతనికి తెలియదా? తెలుసు. నా నోటితో వినాలని వచ్చాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. "పిలిస్తే ఏమనేవాడివి?" అని అరిచాను. షెహజాది లోపల్నుంచి పరుగున వచ్చింది. అతను తల దించుకున్నాడు. అప్పుడు నా సంగతి చెప్పాను. ఆరింటికి చూశానని, ఎడమచెయ్యి ఎత్తిందని, అది వింతగా తోచిందని, అయినా ఏడు కాలేదని పలకరించకుండా లోపలికి పోయానని. అతను నన్ను తిడతాడనుకున్నాను. తిడితే తేలికపడేవాణ్ణి.

"నీకు గూడ నేనే నేర్పిన గద భాయ్" అన్నాడు. కాగితం మడతల వెంబడి మడిచి, గాజులున్న జేబులోనే పెట్టుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరులో ఇంటికి తెచ్చారు. వీధి నిండా జకరండాలు ఊదారంగులో పూసి ఉన్నాయి. ముందు గదిలో మంచం వేసి, వరండా కనబడేలా తలుపు తీసి ఉంచారు. నీలిమ కాంట్రాక్టు వదులుకుని రెండు నెలలు ఉండి వెళ్లింది. ఆమె వెళ్లాక తెల్లవారుజామున ఆ ఇంట్లో గొంతు వినబడడం మొదలైంది. విఠల్ గొంతు. ఐదింటికల్లా మొదలుపెట్టేవాడు. శ్యామసుందరి పాత కాగితాలు ఒక్కటీ పారేయలేదు, పిండి డబ్బా వెనక దొంతరగా పెట్టుకుంది. అవి తీసి మొదటి నుంచీ చదువుతున్నాడు. ఒక్కోటి చదివి, అప్పుడు చెప్పని జవాబులు ఇప్పుడు చెబుతున్నాడు. ఫోన్ రిసీవర్ పెట్టే ఉంటోంది. ఈలవేసే కెటిల్ మళ్లీ వచ్చింది.

డిసెంబరు చివర్లో ఒకరోజు కంచె దగ్గర, "భాయ్, రేపు పొద్దుగాల రా. ఇంకో మనిషి ఉంటే ఆమెకు జెర మంచిగుంటదేమో" అన్నాడు. నమాజయ్యాక వెళ్లాను. ఆ వేళప్పుడు వాళ్ల గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మంచం తల ఎత్తి పెట్టాడు. ఆమెకు జుట్టు దువ్వి జడ వేశాడు, వంకరగా. ఎడమచేతికి రెండు గాజులు. నన్ను చూసి కళ్లు ఆర్పింది. చెల్లెమ్మా అంటూ మంచం పక్కకు కుర్చీ లాక్కున్నాను.

విఠల్ కాగితం విప్పాడు. "ఏప్రిల్ పద్దెనిమిది. రెండోది, పాలకూర మొలిచింది. ఏడ మొలిచింది సుందరీ? నేను చూడనే లేదు. నల్లా పక్కకా? మూడోది, కలల అమ్మ వచ్చింది. అత్తమ్మ ఏమన్నది? నన్నేమన్న అన్నదా?" ఆగి ఆమె మొహంలోకి చూశాడు. "చెప్పు. ఇప్పుడు వింటున్న గద."

శ్యామసుందరి గోడ గడియారం వైపు చూసింది. ఐదూ ఇరవై. ఎడమచెయ్యి మెల్లగా లేచింది. గాజులు గలగలమన్నాయి. చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది.

విఠల్ కాగితం దించాడు. "అలవాటు భాయ్, అలవాటైపోయింది పాపం" అన్నాడు నాతో గుసగుసగా. నేను ఒప్పుకోను. ఆమె కళ్లు నేను చూశాను. అతని మీద నిలిచి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చి నిలిచాయి. ఆమె కోపం నాకు అర్థమైంది. ఆమెకు మిగిలిన మాట అదొక్కటే, దాన్ని ఎవరెవరికి చెప్పాలో వాళ్లకు చెప్పింది.

ముగ్గురం అలాగే కూర్చున్నాం. బయట మంచు కరిగింది, ఎండెక్కింది, మాగ్‌పైలు పాడాయి. గంటా నలభై నిమిషాలు. నా జన్మలో అంత పొడుగు పొద్దు చూడలేదు. లేచి వెళ్లిపోదామనిపించింది, లేవలేదు. ఆమె మెట్ల మీద అలాంటి గంటే ఒకటి ఒంటరిగా గడిపింది.

ఏడు కొట్టింది. విఠల్ కాగితం మళ్లీ తీసి, గొంతు సవరించుకుని, "ఆ, చెప్పు సుందరీ" అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని మొహం గోడ వైపు తిప్పుకుంది. అతను చదవడం మొదలుపెట్టాడు.